ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని!

జీడిమెట్ల పారిశ్రామికవాడ చుట్టుపక్కల షాపూర్‌నగర్, చింతల్, సూరారం, గాజులరామారం వీధుల్లో ఒక గది, దానికి అంటుకుని ఒక వంటిల్లు, అంతే ఉండే పోర్షన్లు ఎన్నో. ఆయన పొద్దున షిఫ్టుకి వెళితే ఆమె జనరల్ షిఫ్టుకి వెళ్లే ఇళ్లు. ఇంట్లోనే ఉండే ఆడవాళ్లకైనా నీళ్లు, పిల్లల బడి, టిఫిన్ డబ్బాలతో తెల్లారేదీ తెలియదు, పొద్దు గూకేదీ తెలియదు. ఇలాంటి ఇంట్లో ఓ మూలకి ఒదిగిపోయే చిన్న ఫ్రిజ్ ఈ రోజున విలాసం కాదు, చేదోడు. కొత్తది వాయిదాల మీద కొన్నా, పాతది సగం ధరకి తెచ్చుకున్నా, దాని వెనక ఆ ఇల్లాలు నెలలపాటు కూడబెట్టిన డబ్బుంటుంది.

అసలు ఫ్రిజ్‌కీ మన ప్రాంతానికీ పాత చుట్టరికమే. 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ ఇక్కడికి దగ్గర్లోని సనత్‌నగర్‌లోనే ఉండేది. ఆల్విన్ ఫ్రిజ్ అంటే ఒకప్పుడు దేశమంతా తెలిసిన పేరు. 1990లలో ఆ ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్లిపోయింది. మనకి మిగిలింది ఆల్విన్ కాలనీ అన్న పేరు, కొందరి ఇళ్లలో అమ్మమ్మల నాటి ఆ బరువైన తలుపు చప్పుడు.

ఫ్రిజ్ అయితే ఇంటింటికీ వచ్చింది. దాన్ని ఎలా వాడుకోవాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మన అమ్మలు పాలు మూడుసార్లు కాచేవారు, పెరుగు ఉట్టి మీద పెట్టేవారు, కూర వాసన చూసి గానీ వడ్డించేవారు కాదు. ఫ్రిజ్ వచ్చాక ఆ జాగ్రత్తలన్నీ దానికి అప్పజెప్పి మనం చేతులు దులిపేసుకున్నాం. మూడు రోజుల పప్పు తీసినా, నాలుగు రోజుల పులుసు తీసినా ఒకటే మాట: "ఫ్రిజ్‌లో పెట్టాం కదా, ఏం కాదులే!" ఈ ధీమాయే ప్రమాదం.

ఫ్రిజ్ సూక్ష్మజీవుల్ని చంపదు. అవి పెరిగే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. లోపల పెట్టేటప్పుడు పదార్థం ఎలా ఉందో, తీసేటప్పుడు అంతకంటే బాగుండదు గదా! 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో బాక్టీరియా జోరుగా పెరుగుతాయి. అందుకే వండినదాన్ని 2 గంటలకి మించి బయట ఉంచవద్దనీ, నిల్వ చేసేది 5 డిగ్రీల లోపు చల్లదనంలో ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఏప్రిల్, మే ఎండల్లో, రేకుల కప్పు కింద వంటింట్లో అయితే ఆ 2 గంటలు కూడా ఎక్కువే. గంటలోపే లోపల పెట్టెయ్యడం మంచిది.

ఇక్కడే చాలామంది రెండు రకాలుగా పొరపడతారు. కొందరు పొయ్యి మీది గిన్నె పొగలు కక్కుతుండగానే ఫ్రిజ్‌లోకి తోసేస్తారు. చిన్న ఫ్రిజ్ ఆ వేడికి తట్టుకోలేక, పక్కనున్న పాలూ పెరుగూ కూడా వెచ్చబడతాయి. ఇంకొందరు "చల్లారనీ" అని రాత్రి ఎనిమిదింటి సాంబారుని తెల్లారేదాకా గట్టు మీదే వదిలేస్తారు. రెండూ తప్పే. లోతు గిన్నెలోంచి రెండు వెడల్పాటి గిన్నెల్లోకి వంచి, ఆ గిన్నెల్ని చన్నీళ్ల పళ్లెంలో పెడితే అరగంటలో పొగలు పోతాయి. అప్పుడు మూత పెట్టి లోపల సర్దెయ్యాలి.

అన్నం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉడికినా పూర్తిగా చావదు. అన్నం గంటల తరబడి వెచ్చగా బయట ఉంటే అది పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున పులిహోరో, పోపన్నమో చేద్దామనుకుంటే, రాత్రే దాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడే వాడెయ్యాలి. కూర, పప్పు ఏదైనా రెండో రోజు దాటనివ్వకండి. వేడి చేసేటప్పుడు గోరువెచ్చన చేసి సరిపెట్టకుండా కుతకుతా ఉడకనివ్వాలి. అదీ తినబోయే మేరకే తీసి, ఒక్కసారే. గిన్నె మొత్తం వేడి చేసి, మిగిలింది మళ్లీ లోపల పెట్టి, మళ్లీ తీసి... ఇలా తిప్పితే ప్రతి తిప్పుకీ ప్రమాదం పెరుగుతుంది.

చిన్న ఫ్రిజ్‌లో చోటు తక్కువ. కుక్కి కుక్కి సర్దితే చల్లటి గాలి తిరగదు. ముందుగా అక్కర్లేనివి బయటికి తియ్యండి. ఉల్లి, ఆలుగడ్డ, అరటిపళ్లు ఫ్రిజ్‌లో ఉండనక్కర్లేదు. చల్లదనానికి ఆలుగడ్డలో పిండి చక్కెరగా మారుతుంది, వేపుడు నల్లబడుతుంది. అరటిపండు తొక్క నల్లబడిపోతుంది. ఊరగాయలు, తేనె బయటే క్షేమం. కొత్తిమీర, కరివేపాకు తడి ఆరాక కాగితంలో చుట్టి పెడితే కాస్త చోటులోనే వారం నిలుస్తాయి. దోసెపిండి గిన్నె నిండా పొయ్యకండి, అది లోపల కూడా మెల్లగా పొంగుతుంది.

ఏది ఎక్కడ పెడుతున్నామన్నది కూడా ముఖ్యమే. తలుపు తీసిన ప్రతిసారీ వేడిగాలి ముందు తగిలేది తలుపు అరలకే. మనమేమో పాలప్యాకెట్లు తెచ్చి అక్కడే పెడతాం! పాలు లోపలి అరలో పెట్టి, తలుపుకి సాసు సీసాలూ మంచినీళ్లూ వదిలెయ్యండి. పచ్చి మాంసం, చేపలు మూత గట్టిగా ఉన్న డబ్బాలో, వండిన పదార్థాల కంటే కింద ఉండాలి. పైనుంచి ఒక్క చుక్క పెరుగులో పడినా చాలు, ఇల్లంతా మంచాన పడుతుంది. నడుమెత్తు ఫ్రిజ్‌లలో పైన ఉండే ఐసు అర చాలావాటిలో ఐసుకి మాత్రమే సరిపోతుంది. మాంసం వారాల తరబడి ఉండాలంటే సున్నాకి దిగువన 18 డిగ్రీల చల్లదనం కావాలి. అది లేని అరలో ఆదివారం తెచ్చిన చికెన్‌ని పై ఆదివారందాకా దాచడం తెలివి కాదు. రేపో, ఎల్లుండో వండుకునేంతే తెచ్చుకోండి.

లోపల నిజంగా 5 డిగ్రీల లోపు ఉందా అన్నది చేత్తో తాకితే తెలియదు. మీట మీది అంకెలు డిగ్రీలు కావు. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. ఫ్రిజ్ కోసమే చిన్న థర్మామీటర్లు దొరుకుతాయి. గ్లాసు నీళ్లలో ఉంచి, మధ్య అరలో ఒక రాత్రి పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. జ్వరం చూసేది దీనికి పనికిరాదు.

ఇక కరెంటు. అద్దె ఇంట్లో యూనిట్‌కి ఇంతని ఇచ్చుకునేవాళ్లు బిల్లుకి భయపడి రాత్రుళ్లు ఫ్రిజ్ ఆపేస్తుంటారు. నాలుగు యూనిట్లు కలిసొస్తాయేమో గానీ, పాలు విరిగినా, పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నా ఆ లాభం ఒక్క పూటలో ఊడ్చుకుపోతుంది. ఆదా చెయ్యాలంటే వేరే మార్గాలున్నాయి. గోడకి నాలుగైదు అంగుళాల ఎడం ఉంచండి. పొయ్యి పక్కనా, ఎండ పడే కిటికీ దగ్గరా పెట్టకండి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మధ్య కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా ఊడొస్తే ఆ రబ్బరు మార్చాల్సిందే. కొత్తది కొనేటప్పుడు నక్షత్రాల లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది. ధర చీటీతోపాటు దాన్నీ చదవండి.

2012, 2013లలో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడేలు ప్రకటించిన రోజులు జీడిమెట్ల మర్చిపోలేదు. ఇప్పుడు అంత కోతలు లేకపోయినా, వేసవిలో గాలివాన వచ్చిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. కరెంటు పోయినప్పుడు తలుపు తియ్యకుండా ఉంటే సుమారు 4 గంటలు చల్లదనం ఆగుతుంది. చిన్న ఫ్రిజ్‌లో అంతకంటే తక్కువే. ఐసు అరలో ముప్పావు వంతు నీళ్లు నింపిన సీసాలు రెండు గడ్డకట్టించి ఉంచితే కొంత అండ. కరెంటు వచ్చిన వెంటనే కాక 5 నిమిషాలు ఆగి స్విచ్ వెయ్యండి, లేదా ఆలస్యంగా కరెంటు ఇచ్చే స్టెబిలైజర్ పెట్టించుకోండి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ ఫ్రిజ్‌కి విడిగా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి టీవీ, మిక్సీ, ఫ్రిజ్ అన్నీ తగిలించడం నిప్పుతో ఆడుకోవడమే. తలుపు తాకితే జిల్లుమంటే ఆ రోజే ఎలక్ట్రీషియన్ని పిలవాలి, చెప్పులు వేసుకుని కాలం గడపకూడదు.

ఐసు పావు అంగుళం మందం పేరుకుందంటే కరిగించే వేళయిందన్నమాట. ప్లగ్గు తీసి, తలుపు తెరిచి వదిలేస్తే అదే కరుగుతుంది. కత్తితోనో, అట్లకాడతోనో పొడవకండి. లోపలి గొట్టానికి చిల్లు పడితే గ్యాసు మొత్తం పోతుంది. ఇప్పటి చిన్న ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్-600ఎ అనే గ్యాసు. ఓజోన్ పొరకి హాని చెయ్యదు గానీ మండే గుణం ఉంది. వెనక చీటీ మీద ఆ పేరు రాసి ఉంటుంది. ఎప్పుడైనా బుస్సుమని శబ్దం వస్తే పొయ్యి వెలిగించకుండా, స్విచ్‌లు ముట్టుకోకుండా కిటికీలు తెరవాలి. ఇల్లు మారేటప్పుడు ఫ్రిజ్‌ని నిలువుగానే తీసుకెళ్లాలి. పడుకోబెట్టి తెస్తే కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వెయ్యాలి. పాడైన ఫ్రిజ్‌ని పెరట్లోనో, మేడ మీదో పడేసేటప్పుడు తలుపు ఊడదియ్యడం మర్చిపోకండి. దాగుడుమూతల్లో పిల్లలు అందులో దూరితే ఊపిరాడదు.

ఇంట్లో షుగరు ఉన్నవాళ్లుంటే ఇన్సులిన్ కూడా ఆ ఫ్రిజ్‌లోనే ఉంటుంది. తెరవని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. ఐసు అరని ఆనుకుని ఉండి గడ్డకడితే ఆ మందు ఇక పనికిరాదు, కరిగినా వాడకూడదు. కూరల మధ్య కాకుండా, మధ్య అరలో మూత ఉన్న డబ్బాలో, పేరు రాసి విడిగా పెట్టండి.

ఇవన్నీ చదివి "మళ్లీ మాకే పనులు చెబుతున్నారు" అని మీరంటే కాదనలేను. అసలు చెప్పదలచుకున్నది అదే. ఫ్రిజ్‌లో ఉన్న పాత కూర చివరికి ఎవరి పళ్లెంలోకి వెళుతోంది? ఆయనకీ పిల్లలకీ వేడివేడిగా కొత్త కూర. "పారెయ్యడానికి మనసొప్పక" అంటూ నిన్నటిదీ మొన్నటిదీ తినేది ఇల్లాలే. రెండు రోజులు కడుపు పట్టుకుని, మాత్ర మింగి, మళ్లీ పనిలోకి వెళ్లేదీ ఆవిడే. అన్నం పరబ్రహ్మ స్వరూపమే, కాదనం. కానీ పాడైనదాన్ని కడుపులో వేసుకోవడం పొదుపూ కాదు, భక్తీ కాదు. వృథా ఆపాల్సింది వండేటప్పుడే. బియ్యం గిద్దెడు తగ్గించి పొయ్యడం దగ్గర మొదలుపెట్టాలి. మిగిలింది బాగున్న రోజునే నలుగురూ తలా కాస్తా పంచుకోవాలి.

ఫ్రిజ్ తలుపు ఇంట్లో అందరూ తీస్తారు. అందులో ఏముందో, ఏ రోజుదో మాత్రం ఆవిడ ఒక్కర్తే గుర్తుపెట్టుకోవాలంటే ఎలా? గిన్నె మీద చిన్న కాగితం అంటించి తేదీ రాసే పని బడికి వెళ్లే పిల్లకి అప్పజెప్పండి. ఐసు కరిగించి అరలు తుడిచే పని ఆయనకి ఇవ్వండి. వారానికో రోజు ఫ్రిజ్ ఖాళీ చేసే రోజుగా పెట్టుకుని, ఆ పూటకి కొత్త వంట తగ్గించండి. ఆ రోజు లోపల ఉన్న గిన్నెలన్నీ అందరి ముందూ పెట్టి, తినదగిందేదో, పారెయ్యాల్సిందేదో అందరూ కలిసి తేల్చండి. పిల్లాడికి పెట్టడానికి మీ మనసొప్పని కూరని మీ పళ్లెంలోనూ వేసుకోకండి.