కొంగుముడిలో పొగాకు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాను అడ్డుకున్నప్పుడు ఆ మంట రాయలసీమకూ పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండేళ్ళకే ప్రభుత్వం ఆ మద్య నిషేధాన్ని ఎత్తివేసింది. అది వేరే కథ. ఆనాడు మనం మగవాళ్ళ వ్యసనం గురించి గట్టిగా మాట్లాడాం. మన కొంగుముడిలోని పొగాకు గురించి మాత్రం మాట్లాడలేదు.

అనంతపురం మెట్టపొలాల్లో వాన ముఖం చాటేసిన ఏడాది, ఇంట్లో ముందుగా తిండి తగ్గించుకునేది ఆడమనిషే. వక్కాకులో పొగాకు పెట్టుకుని బుగ్గన అదిమితే ఆకలి తెలియదని వేరుశనగ చేలల్లో కూలి చేసే స్త్రీలు చెబుతారు. అది నిజమే. నికోటిన్ ఆకలిని అణుస్తుంది. మెదడును తనకు అలవాటు చేసుకుంటుంది. అదే నికోటిన్ గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచి రక్తనాళాలను బిగిస్తుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం పొగాకు నమిలేవారికి గుండెపోటు ముప్పు రెండింతలకు పైగా ఉందని 2006లో తేల్చింది. చుట్ట, బీడీ తాగడం లేదు కదా అన్న ధీమాకు ఆధారం లేదు.

ఇప్పుడు ప్రపంచమంతా సెమాగ్లుటైడ్ అనే మందు గురించి మాట్లాడుతోంది. ఊబకాయం, అధిక బరువుతో పాటు గుండెజబ్బు కూడా ఉన్న 17,604 మందిపై జరిగిన పరీక్షలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయని 2023లో ప్రకటించారు. అది తాగుడు మీది కోరికనూ తగ్గిస్తుందని 2025లో ఒక చిన్న పరీక్ష సూచించింది. మంచిదే. కానీ ఆ 17,604 మందిలో 70 శాతానికి పైగా మగవాళ్ళే. పైగా అందరూ బరువు ఎక్కువైనవాళ్ళు. ఆకలిని చంపుకోవడానికి పొగాకు నమిలే మన కూలితల్లి ఆ లెక్కలో ఎక్కడుంది?

ఛాతీ బరువుగా ఉందని ఆమె ఆసుపత్రికి వెళితే గ్యాస్ అని మాత్ర ఇచ్చి పంపుతారు. స్త్రీలకు గుండెపోటు ఆయాసంగా, వాంతిగా, దవడ నొప్పిగా, చెప్పలేని నీరసంగా కూడా రావచ్చు. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వెంటనే ఇ.సి.జి. తీయాలని అడగాలి. పొగాకు వాడుతున్నారా అన్న ప్రశ్న ఆడవాళ్ళనూ అడగాలి, అదీ తిట్టకుండా. మానాలనుకునేవారు 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పొగాకు మానమని చెప్పే సంఘాలు, కరువు పనుల కూలి సకాలంలో రావాలనీ రేషన్ పూర్తిగా అందాలనీ ఆ సమావేశంలోనే అడగాలి. అలా అడగకపోతే, ఖాళీ కడుపుతో పొగాకు మానమనడం ఆమె మీద మరో బరువు వేయడమే.