నీ లాప్‌టాప్ సర్వర్ కంటే ఫాస్టా? అయితే ఏంటట?

"ఏమయ్యా, నీ లాప్‌టాప్‌లో 40 నిమిషాల్లో అయిపోయే జాబు, అంత డబ్బు పోసి కొన్న సర్వర్‌లో 65 నిమిషాలు పడుతోందంటే ఏంటి అర్థం? నీ కోడ్‌లోనే ఎక్కడో బొక్క ఉంది."

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడితో, మీటింగులో అందరి ముందూ, మా మేనేజరు గారన్న మాట. కుర్రాడు తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. తర్వాత టీ బడ్డీ దగ్గర "అన్నా, నిజంగా నా కోడే చెత్తేమో" అన్నాడు. కాదురా అని అక్కడ చెప్పాను. చెప్పాల్సిన చోట మాత్రం నోరు పెగల్లేదు. మూడు నెలల తర్వాత అప్రైజల్లో వాడి రేటింగు పడిపోయింది, కారణాల్లో ఈ జాబు కూడా ఉంది. అందుకే ఈ ఏడుపు.

సరే, అసలు విషయానికొద్దాం. ఆఫీసు మాకిచ్చిన లాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ7-1165జీ7. 2020లో వచ్చింది. 4 కోర్లు, 8 థ్రెడ్లు, టర్బోలో 4.7 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. సర్వర్‌లో ఉన్నది ఏఎండీ ఎపిక్ 7763, 2021లో వచ్చింది. 64 కోర్లు, 128 థ్రెడ్లు. బేస్ 2.45 గిగాహెర్ట్జ్, ఎంత పరిగెత్తించినా 3.5. ఇంకోసారి చదవండి. ఖరీదైన దాని పై స్పీడు, చవకైన దాని పై స్పీడు కంటే తక్కువ! ఇది కంపెనీ వాడి మోసం కాదు, స్పెక్ షీటులో అందరికీ కనబడేలా రాసిందే. చదివే ఓపిక మనకి లేదు, అంతే.

ఎందుకలా అంటే కరెంటు లెక్క చూడండి. ఎపిక్‌కి ఇచ్చిన బడ్జెట్టు 280 వాట్లు. వామ్మో అనిపిస్తుంది. 64 కోర్లకి పంచండి, తలా 4.4 వాట్లు కూడా రావు. అందులోనే మెమరీ కంట్రోలర్లూ మిగతా సరంజామా కూడా బతకాలి. మన లాప్‌టాప్ చిప్‌కి 28 వాట్లు అనుకుంటే, నాలుగు కోర్లకి తలా 7. పైగా ఒక్క కోరే పనిచేస్తూ మిగతా మూడూ నిద్రపోతుంటే, ఆ ముగ్గురి వాటా కూడా చాలావరకు దానికే. అంటే ఒక్కో కోర్ లెక్కన చూస్తే బాగా తిని బలిసింది లాప్‌టాప్ కోరే!

మా జాబేమో ఫైలు తీసుకుని ఒక్కో రికార్డూ వరసగా చదివి, లెక్క కట్టి రాసే రకం. ఒకటే థ్రెడ్డు. గాడిపొయ్యి వెలిగించి దానిమీద ఒక్క గ్లాసు టీ కాచినట్టు. పైగా రాత్రిపూట ఆ సర్వర్‌లో పక్క వర్చువల్ మెషీన్లన్నీ వాటి బ్యాచులు తిప్పుతుంటాయి, కాబట్టి ఆ 3.5 కూడా దక్కదు. 40 కాస్తా 65 అవడంలో వింతేముంది?

ఇక్కడింకో ప్రహసనం. "పవర్ చాలట్లేదేమో" అని 8 వీసీపీయూలు ఉన్న మెషీనుని 32 చేశారు. ఎంత తగ్గిందో తెలుసా? రెండు నిమిషాలు! అక్కడైనా బల్బు వెలగొద్దూ? కోడ్ నెమ్మదిగా ఉందా, కోడ్ ఒకే కోర్ వాడుతోందా అన్న తేడా ఆ ఒక్క ప్రయోగంతోనే తేలిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. అన్నట్టు వీసీపీయూ అనగానే కోర్ అనుకునేవాళ్ళకి ఒక మాట. చాలా ఇంటెల్, ఏఎండీ మెషీన్ల మీద అది ఒక థ్రెడ్డు మాత్రమే, రెండు కలిస్తే ఒక కోరు. అమెజాన్ గ్రావిటాన్‌లో అయితే ఒక వీసీపీయూ అంటే ఒక పూర్తి కోరు. కొనేముందు అడగండి.

ఇక అవతలి గట్టు మీద ఇంకో బ్యాచ్ ఉంది. బెంచ్‌మార్కులో సింగిల్ కోర్ స్కోరు చూసి "నా లాప్‌టాపే నయం, సర్వర్లన్నీ దండగ" అనేవాళ్ళు. బాబూ, ఆ బెంచ్‌మార్కు కాసేపే. నాలుగు కోర్లనీ గంటసేపు తోమించు, ఫ్యాన్ మోత నీకే వినబడుతుంది, క్లాకు ఎక్కడికి దిగిందో చూడు. సర్వర్ చిప్ నెలల తరబడి ఆగకుండా తోమించుకోడానికే పుట్టింది. మన ఐ7కి 64 జీబీ మెమరీ దాటి పెట్టలేం, ఈసీసీ లేదు, కాష్ 12 ఎంబీ. ఎపిక్‌కి సాకెట్టుకి 4 టీబీ, ఎనిమిది మెమరీ ఛానళ్ళు, 256 ఎంబీ ఎల్3, ఈసీసీ. మెమరీలో ఒక బిట్ తిరగబడితే జీతాల లెక్క మారిపోయే చోట ఆ ఈసీసీ విలువ ఏ బెంచ్‌మార్కులోనూ కనబడదు. అలాగని పేరు చూసి మురిసిపోకండి. 2015లో ఇంటెల్ జియాన్ పేరుతోనే లాప్‌టాప్ చిప్పులు దించింది, నాలుగు కోర్లతో.

కోర్లు పెంచితే అంతా అయిపోతుందనీ కాదు. పనిలో పదో వంతు వరసగానే జరగాలంటే, 64 కోర్లు పెట్టినా తొమ్మిది రెట్ల వేగం కూడా రాదు. ఆమ్డాల్ ఈ సంగతి 1967లోనే చెప్పాడు. మనం ఇంజనీరింగ్‌లో బట్టీ కొట్టి, పరీక్షలో రాసేసి, అక్కడే వదిలేసి వచ్చాం.

మరి తప్పెవరిది? ఒకటే థ్రెడ్డుతో చాలనే డిజైన్ రివ్యూ చేసి ఓకే చెప్పింది నేను. కుర్రాడు దాన్ని ఉన్నదున్నట్టు, శుభ్రంగా రాశాడు. గత నెల ఇద్దరం కూర్చుని రికార్డుల్ని బ్రాంచి కోడ్ ప్రకారం 16 ముక్కలు చేశాం. అదే సర్వర్, అదే ఫైలు, 9 నిమిషాలు. అదే లాప్‌టాప్‌లో 17. మేనేజరు గారికి మెయిల్ పెట్టాను, డిజైన్ నాదేనని కూడా రాశాను. "గుడ్ జాబ్ టీమ్" అని జవాబొచ్చింది.

రేటింగు మాత్రం మారదట, సైకిల్ అయిపోయిందట. కుర్రాడు పేపర్లు పెట్టేశాడు. రోజూ సాయంత్రం ఒక గంట కూర్చుని ఆ జాబు నాకు అప్పజెబుతున్నాడు.