మా తమ్ముడి సీఎన్సీ రూటరూ, నా ఉచిత సలహా

పోయిన నెలలో ఓ ఆదివారం పొద్దున్నే ఫోన్. మా బాబాయి కొడుకు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే దారిలో ఉంటాడు. ఇంటి డాబా ఎక్కితే గానీ సిగ్నల్ రాదు కాబట్టి, పొద్దున్నే ఫోన్ చేశాడంటే పని గట్టిదే అన్నమాట.

"అన్నా, మిషన్ వచ్చింది. బిగించిన. నడుస్తుంది. ఇప్పుడు బొమ్మ ఎందులో గీయాలె?"

మిషన్ అంటే చిన్న సీఎన్సీ రూటర్. ఆన్‌లైన్‌లో కిట్టుగా దొరికే 3018 రకం. పేరులోనే కొలత ఉంది: అడ్డం 300 మిల్లీమీటర్లు, నిలువు 180. కంప్యూటర్ చెప్పినట్టు మూడు మోటార్లు తిరుగుతాయి, చివర్న ఒక బిట్టు చెక్కని కొరుక్కుంటూ పోతుంది. బాబాయి వడ్రంగి. వీడేమో డిప్లొమా చేసి, ఉలి పట్టుకోనని భీష్మించుకుని, చివరికి మోటారు పెట్టిన ఉలి కొనుక్కున్నాడు. (రక్తం ఎక్కడికి పోతుంది?)

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కాబట్టి ప్రపంచంలో ఉన్న సాఫ్ట్‌వేర్లన్నీ నాకు తెలుసని మా ఇంట్లో వాళ్ళ నమ్మకం. ప్రింటర్ పనిచేయకపోయినా నాకే ఫోన్. ఈసారి మాత్రం ప్రశ్న బాగుంది. నెల రోజులు సెలవు దినాలన్నీ దీని మీదే పెట్టాను. ఆ గొడవంతా ఇక్కడ రాసుకుంటున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుందని.

ముందు ఒక మాట. మిషన్‌ని నడిపించేది క్యాడ్ కాదు. ఈ చిన్న మిషన్లలో చాలావాటి బుర్రలో జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంటుంది. దానికి అర్థమయ్యేది జీకోడ్ ఒక్కటే: ఇక్కడికి పో, ఇంత లోతుకి దిగు, ఇంత వేగంతో కదులు. ఆ జీకోడ్‌ని మిషన్‌కి పంపడానికి క్యాండిల్ లాంటి ఉచిత ప్రోగ్రాంలున్నాయి. అక్కడిదాకా పైసా ఖర్చు లేదు. చిక్కంతా అంతకు ముందే. బొమ్మ గీయడం క్యాడ్, ఆ బొమ్మని బిట్టు నడిచే దారిగా మార్చడం క్యామ్. ఈ రెండూ కావాలి.

వాడు నన్ను అడిగే లోపే ఊళ్ళో ఒకాయన సాయం చేసేశాడు. పెన్‌డ్రైవ్‌లో ఆర్ట్‌క్యామ్. ఉచితం. యాంటీవైరస్ ఆపేసి ఎక్కించాలట! ఎక్కించాడు. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు ల్యాప్‌టాప్‌లో ఉన్న మా చెల్లెలి పెళ్ళి ఫొటోలతో సహా ఏ ఫైలూ తెరుచుకోలేదు. ఫొటోల కాపీ నా దగ్గర ఉంది కాబట్టి పిన్నితో తిట్లు తినకుండా బయటపడ్డాడు.

మన దగ్గర తలుపులు, పూజా మందిరాలు చెక్కే షాపుల్లో ఆర్ట్‌క్యామ్ పేరు మంత్రంలా వినిపిస్తుంది. మంచి సాఫ్ట్‌వేరే, కాదనను. బ్రిటన్‌కి చెందిన డెల్‌క్యామ్ చేసింది. 2014లో ఆటోడెస్క్ ఆ కంపెనీని కొనుక్కుంది. 2018లో ఆర్ట్‌క్యామ్ అమ్మకం ఆపేసింది. ఆ కోడ్ హక్కులు తీసుకుని కార్వ్‌కో అనే వేరే కంపెనీ తన పేరుతో నడుపుతోంది. అంటే పెన్‌డ్రైవ్‌లో తిరిగే ఆర్ట్‌క్యామ్ దొంగదే కాదు, చనిపోయింది కూడా. దానికి రేపు మరమ్మతు రాదు. దొంగతనం తప్పని నేను పాఠం చెప్పబోవట్లేదు (తప్పే). నా అభ్యంతరం ఇంకా చవకబారుది: మూడేళ్ళ తర్వాత విండోస్ మారితే నీ డిజైన్లు ఎందులో తెరుస్తావురా?

రెండోది ఫ్యూజన్. మొన్నమొన్నటిదాకా ఫ్యూజన్ 360 అనేవారు, ఇదీ ఆటోడెస్క్‌దే. నిజాయితీగా చెప్పాలంటే నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. యూట్యూబ్ నిండా పాఠాలే. గీయడం, దారి వేయడం, చెక్కితే ఎలా ఉంటుందో చూపించడం, అన్నీ ఒకేచోట. సొంత వాడకానికి ఉచితం కూడా. నేను మొదట ఇదే చెబుదామనుకున్నాను. చెప్పకపోవడానికి కారణాలు మూడు.

ఒకటి, ఇంటర్నెట్. నెట్ లేకుండా రెండు వారాలదాకా పనిచేస్తుంది, తర్వాత ఒకసారి లాగిన్ అవ్వాల్సిందే. ఫైళ్ళుండేది వాళ్ళ సర్వర్లలో. హైదరాబాదులో కూర్చున్న నాకిది విషయమే కాదు. వానాకాలం గోదారి పొంగి, కరెంటు పోయి, టవర్లు పడుకుంటే మా వాడికి విషయమే.

రెండు, 2020. ఆ ఏడాది సెప్టెంబరులో ఆటోడెస్క్ ఉచిత వాడకానికి కొత్త షరతులు ప్రకటించింది. మార్చుకోదగ్గ ఫైళ్ళు ఒకేసారి పది మించకూడదు. ఖాళీలో బిట్టు గబగబా కదిలే జీ-జీరో కదలిక తీసేశారు, ఖాళీలో కూడా చెక్క కోస్తున్నంత నిదానంగానే నడవాలి. తెలుగు అక్షరాల బోర్డులో బిట్టు ఎన్నిసార్లు లేచి పక్కకి పోవాలో ఊహించుకోండి! స్టెప్ ఫైలుగా బయటికి తీసే వీలు కూడా తీసేస్తామన్నారు గానీ, వాడేవాళ్ళు గోల పెట్టాక దాన్ని మాత్రం ఉంచారు. వాళ్ళ సాఫ్ట్‌వేర్, వాళ్ళిష్టం. తప్పు పట్టను. కానీ ఒకసారి మారిన షరతు ఇంకోసారి మారదని ఎవరు చెప్పగలరు?

మూడు, అసలైనది. ఆ ఉచిత లైసెన్సు సొంత సరదాకి. దాంతో వచ్చే ఆదాయం ఏడాదికి వెయ్యి డాలర్లు దాటకూడదు. మన లెక్కలో సుమారు ఎనభై ఐదు, తొంభై వేల రూపాయలు. మా వాడు ఇంటి పేర్ల బోర్డు ఆరొందలకి అమ్ముదామనుకుంటున్నాడు. నూట యాభై బోర్డులతో గీత దాటేస్తాడు. అంటే వాడి వ్యాపారం ఓ మాదిరిగా నడిచిన రోజునే ఆ ఉచితం అయిపోతుంది. తర్వాత ఏడాదికి పదుల వేల రూపాయల చందా. సరదాగా మొదలెట్టినవాడు నాలుగు రూపాయలు సంపాదించుకునేలోపే ఆ భారం మీద పడుతుంది. అప్పటికి రెండేళ్ళ డిజైన్లు అందులోనే ఉంటాయి.

ఇక్కడ మీకో పాత కథ గుర్తుచేస్తాను. తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటీ ఒక్కో సొంత ఫాంటు వాడిన రోజులున్నాయి కదా. ఆ ఫాంటు లేకపోతే వార్త బదులు పిచ్చి గీతలు కనిపించేవి. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత పెట్టుకుని యూనికోడ్‌లోకి మార్చుకుని చదివేవాళ్ళం. అను ఫాంట్లలో టైపు చేసిన పుస్తకాలు ఈరోజుకీ ఎంతమంది దగ్గర తెరవలేని ఫైళ్ళుగా పడున్నాయో. రాసింది మనమే, చదవడానికి మాత్రం ఇంకొకరి దయ కావాలి. క్యాడ్ ఫైలు కూడా అంతే అంటాను నేను.

"జీకోడ్ ఉంది కదన్నా, అది దాచుకుంటే సాలదా?" అన్నాడు వాడు. చాలదు. జీకోడ్ అంటే వండిన అన్నం, మళ్ళీ బియ్యం చేయలేం. బిట్టు సైజు మారినా, చెక్క మందం మారినా, అక్షరం ఒకటి మారినా మళ్ళీ అసలు డిజైన్ దగ్గరికే పోవాలి. మా వైపు ఊరి బోర్డుల సంగతే చూడండి. 2014లో చింతూరు, కూనవరం లాంటి మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రాలోని తూర్పు గోదావరికి పోయాయి. 2022లో అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారాయి. ఇటు భద్రాచలం 2016 అక్టోబరులో ఖమ్మం వదిలి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. పదేళ్ళు తిరక్కుండా ఎన్ని బోర్డులు మారాయి! కింద లైను ఒక్కటి మార్చి మళ్ళీ చెక్కాలంటే మార్చగలిగే ఫైలు చేతిలో ఉండాలి.

అందుకని చివరికి నేను చెప్పింది: ఫ్రీక్యాడ్, దానికి తోడు ఇంక్‌స్కేప్. రెండూ ఉచితం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. నెట్ అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు, అమ్ముకున్నా ఎవరూ అడగరు. ఫ్రీక్యాడ్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు. పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల చదవగలిగే ఎక్స్ఎమ్ఎల్ కనిపిస్తుంది. నాలాంటివాడికి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి?

అలాగని ఫ్రీక్యాడ్‌ని నెత్తికెత్తుకోను. 2002లో బయటికొచ్చిన ఈ ప్రోగ్రాంకి 1.0 అనే అంకె వేసుకోవడానికి 2024 నవంబరుదాకా పట్టింది! మెనూలు చూస్తే ప్రభుత్వాఫీసులో కౌంటర్ల మధ్య తిరిగినట్టు ఉంటుంది. ఒకచోట గీయాలి, ఇంకోచోటికి పోయి మందం ఇవ్వాలి, మూడోచోట దారి వేయాలి. ముందు వెర్షన్లలో పాత గీత ఒకటి మారిస్తే మోడల్ మొత్తం కుప్పకూలేది, 1.0లో ఆ బాధ చాలా తగ్గింది. మొదటి రెండు వారాలు మా వాడు నన్ను తిట్టుకునే ఉంటాడు. పైకి అనలేదు, అన్నని కదా.

ఇంకో పెద్ద లోటు తెలుగు. ఫ్రీక్యాడ్‌లో అక్షరాలు రాసే పనిముట్టు ఒక్కో గుర్తునీ పక్కపక్కన పేర్చుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకి సరిపోతుంది. "భద్రాద్రి" అని కొడితే క్రారవడి దాని చోటుకి పోదు, పొల్లు ఒకచోట, ర ఒకచోట చెల్లాచెదురు. ఇక్కడే ఇంక్‌స్కేప్ కావాలి. అందులో తెలుగు చక్కగా పడుతుంది. కొట్టాక అక్షరాలని గీతలుగా మార్చాలి (ఆబ్జెక్ట్ టు పాత్). ఒత్తులు అక్షరంతో కలిసేచోట గీత మీద గీత పడుతుంది, యూనియన్ కొట్టి ఒకటి చేయాలి. లేకపోతే బిట్టు అదే చోట రెండుసార్లు తిరుగుతుంది. తర్వాత ఎస్వీజీగా దాచి ఫ్రీక్యాడ్‌లోకి తెచ్చుకోవడమే. ఫాంటు కావాలంటే సిలికానాంధ్ర విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో రామభద్ర బాగా లావు, చెక్కడానికి వీలు. భద్రాచలంలో బోర్డుకి అంతకంటే తగిన పేరు ఉంటుందా?

చెక్కేటప్పుడు గుండ్రటి బిట్టు మన ఒత్తుల్లోకి దూరదు. వీ ఆకారం బిట్టు వాడాలి. గీత వెడల్పుగా ఉన్నచోట లోతుగా, సన్నగా ఉన్నచోట పైపైన పోతుంది. అరవై డిగ్రీల బిట్టుతో నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు గీతకి లోతు మూడున్నర వస్తుంది. ఈ దారి వేసే పని ఫ్రీక్యాడ్‌లో ఉంది. మొరాయిస్తే ఎఫ్-ఎన్‌గ్రేవ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఇదొక్కటే చేస్తుంది, చక్కగా చేస్తుంది.

"మరి డబ్బులు పెట్టదగ్గది ఏదీ లేదా?" అంటే ఉంది. వెక్ట్రిక్ వాళ్ళ వీకార్వ్ డెస్క్‌టాప్. సుమారు ముప్ఫై వేల పైచిలుకు, ఒక్కసారి కడితే చాలు, చందా కాదు. బోర్డుల పనికి పుట్టిందే అది. కానీ మిషన్ కన్నా సాఫ్ట్‌వేర్ ఖరీదు ఎక్కువైతే బాబాయి ఊరుకోడు. నా లెక్క ఇది: బోర్డుల మీద వచ్చిన డబ్బుతో కొనగలిగిన రోజున కొను, అప్పు చేసి మాత్రం వద్దు. అప్పటికీ ఇంక్‌స్కేప్ ఎస్వీజీలు అందులో తెరుచుకుంటాయి, ఈ రెండేళ్ళ శ్రమ పోదు. కాలేజీలో చదివే పిల్లలైతే విద్యార్థి లైసెన్సుతో ఫ్యూజన్ నేర్చుకోండి, తప్పులేదు. ప్రతి డిజైనూ స్టెప్ ఫైలుగా తీసి మీ దగ్గర ఒక కాపీ పెట్టుకోండి, అంతే.

పోయిన వారం మొదటి బోర్డు ఫొటో వచ్చింది. పాత మంచం పట్టె మిగిలితే, ఆ టేకు ముక్క మీద చెక్కాడట. (అడవి పక్కన ఉన్నాం కదా అని చెట్టు మీదికి పోవద్దని బాబాయి ముందే చెప్పాడు. డిపోలో బిల్లుతో కొన్న చెక్క అయితేనే చెక్‌పోస్టు దగ్గర ఇబ్బంది ఉండదు.) అక్షరాలు బాగానే పడ్డాయి. అది చూసి ఆగక, పలచటి ప్లైవుడ్‌లో అవే అక్షరాలు ఆర్పార్ కోశాడు. "భద్రాచలం"లో సున్న మధ్యముక్క ఊడి కింద పడింది! మధ్యలో చిన్న వంతెనలు వదలాలని నేను చెప్పడం మర్చిపోయాను.

బాబాయి ఆ ముక్క తీసి చూసి, "పెన్సిల్‌తో గీసుంటే కోయకముందే కనపడేదిరా" అన్నాడట.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా వాడు మాత్రం ఫైలు తెరిచి, రెండు వంతెనలు గీసి, మళ్ళీ కోశాడు. అరగంట పని. నెట్ లేదట ఆరోజు.

మీలో ఎవరైనా తెలుగు అక్షరాలు ఇంతకంటే తేలిగ్గా చెక్కే దారి కనిపెట్టి ఉంటే చెప్పండి. మా వాడికి ఈ ఆదివారం మళ్ళీ డాబా ఎక్కే పని ఉంది.