బిడియం మాటున పోయే కాలం



కొన్ని నెలల క్రితం ఒకనాడు అస్ర్ నమాజ్ ముగిసిన తరువాత నా పూర్వ విద్యార్థి ఒకడు మస్జిద్ వరండాలోనే కూర్చుండిపోయాడు. అందరూ వెళ్లిన పిదప దగ్గరకు వచ్చాడు. నికాహ్ జరిగి ఆరేళ్లు గడిచినా అతనికి సంతానం కలుగలేదు.

“మౌలానా సాబ్, అమ్మీ రెండో నికాహ్ చేసుకోమంటున్నది. షరీఅత్‌లో అనుమతి ఉన్నది కదా?”

“అది తరువాత చూద్దాం బేటా. నీవు పరీక్ష చేయించుకున్నావా?”

అతను తల దించుకున్నాడు. ఆ అమ్మాయిని మాత్రం ఖానాపూర్‌లో, నిర్మల్‌లో, కరీంనగర్‌లో తిప్పని చోటు లేదు. రక్తపరీక్షలు, స్కానింగులు, మందులు, చివరకు తావీజులు. అన్ని పరీక్షలలోనూ ఆమెలో లోపమేమీ కనబడలేదు. అయినా వేలు మాత్రం ఆమె వైపే చూపిస్తున్నారు. చాలాసేపు మౌనంగా ఉండి అతను మరొక మాట చెప్పాడు. పుట్టినప్పటి నుంచి అతని ఒక వృషణం సంచిలోకి దిగలేదు. ఇంట్లోవారికి తెలుసు. ‘పెద్దయితే అదే దిగుతుంది’ అనుకున్నారు. ఆ తరువాత సిగ్గుతో ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు.

ఈ నెల ఈ పుటలో ఇటువంటి విషయం ఎందుకని కొందరు అనుకోవచ్చు. ఇది ఒక్క ఇంటి కథ కాదు కనుకనే వ్రాస్తున్నాను.

తల్లి గర్భంలో మగశిశువు వృషణాలు మొదట కడుపులో, మూత్రపిండాల సమీపంలో ఏర్పడతాయి. నెలలు నిండే నాటికి గజ్జల దారిగుండా కిందికి దిగి సంచిలోకి చేరతాయి. వీర్యకణాలు తయారు కావడానికి శరీరపు వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ వేడి అవసరం. సర్వజ్ఞుడైన సృష్టికర్త వాటిని శరీరానికి వెలుపల ఉంచడంలోని వివేకం ఇదే. నెలలు నిండి పుట్టిన ప్రతి నూరుగురు మగశిశువులలో దాదాపు ముగ్గురికి ఒకటిగాని, రెండుగాని దిగి ఉండవు. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఇది చాలా ఎక్కువ. వీరిలో ఎక్కువమందికి తొలి కొద్ది నెలల్లోనే అవి వాటంతటవే దిగుతాయి. ఆరు నెలలు దాటితే మాత్రం ఆ అవకాశం అరుదు. ‘పెద్దయితే దిగుతుంది’ అనే మాట అక్కడితో చెల్లిపోయింది.

అందుకే ఆరు నెలల తరువాత, ఏడాదిన్నర లోపు చిన్న శస్త్రచికిత్సతో వృషణాన్ని సంచిలోకి దించి నిలపాలని పిల్లల శస్త్రవైద్యులు చెబుతారు. ఆలస్యమైన కొద్దీ లోపలి వేడికి బీజకణాలు తగ్గిపోతాయి. పెద్దయ్యాక ఆ వృషణానికి క్యాన్సర్ సోకే ప్రమాదం ఇతరులకంటే ఎక్కువ. యుక్తవయస్సుకు ముందే శస్త్రచికిత్స జరిగితే ఆ ప్రమాదమూ తగ్గుతుంది. ఒకప్పుడు హెచ్‌సీజీ అనే హార్మోన్ సూదులతో వృషణాన్ని దించే ప్రయత్నం చేసేవారు. ఫలితం తక్కువ, నిలకడ అంతకంటే తక్కువ. 2014లో అమెరికా మూత్రవ్యాధి వైద్యుల సంఘం ఆ పద్ధతి వద్దని తన మార్గదర్శకాలలో స్పష్టం చేసింది.

మన ఇళ్లలో ఈ లోపాన్ని కనిపెట్టడానికి రెండు సందర్భాలు వాటంతటవే వస్తాయి. మొదటిది ఏడవ రోజు అఖీఖా, రెండవది ఖత్నా. గోరువెచ్చని నీటితో స్నానం చేయించేటప్పుడు తల్లి గమనిస్తే చాలు. చలికి పైకి పోయి వెచ్చదనానికి కిందికి వస్తే సాధారణంగా భయం లేదు. ఎప్పుడూ సంచి ఖాళీగా ఉంటే వైద్యునికి చూపాలి. ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. రెండు వృషణాలూ చేతికి తగలకపోయినా, మూత్ర రంధ్రం కొనమీద కాక కింది భాగంలో ఉన్నా ఖత్నా ఆపివేయండి. మూత్ర రంధ్రాన్ని సరిచేసే శస్త్రచికిత్సకు ఆ ముందరి చర్మమే పనికివస్తుంది. రెండూ తగలని నవజాత శిశువును ఆ రోజే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి. అడ్రినల్ గ్రంథికి సంబంధించిన ఒక జన్యులోపం వల్ల ఆడశిశువే మగశిశువులా కనిపించవచ్చు. అందులో తొలి వారాలలోనే ప్రాణాపాయం ఏర్పడవచ్చు. ఆ లోపపు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే వ్యాధి కలుగుతుంది. దగ్గరి బంధువుల మధ్య వివాహాలు జరిగే కుటుంబాలలో ఆ అవకాశం పెరుగుతుంది. అటువంటి వివాహం ధర్మసమ్మతమే. అయినా కుటుంబంలో ఇదివరకు అటువంటి బిడ్డ ఉంటే నికాహ్‌కు ముందే వైద్యుని సలహా తీసుకోవడం వివేకం.

ఇక నా విద్యార్థి సంగతి. నా మాట విని అతను పరీక్ష చేయించుకున్నాడు. వీర్యంలో కణాలు ఒక్కటీ లేవు. అయితే వైద్యుడు ఆశ్చర్యపోయాడు. ఒక్క వృషణమే దిగని పురుషులలో చాలామంది తండ్రులవుతారు. రెండూ దిగనివారికే అవకాశం బాగా తగ్గుతుంది. గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. సత్తువ వస్తుందని ఎవరో చెప్పగా అతను కొన్ని నెలలుగా టెస్టోస్టెరాన్ సూదులు వేయించుకుంటున్నాడు.

పాఠకులు ఈ మాట బాగా గుర్తుంచుకోవాలి. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి వృషణానికి ఆజ్ఞలు పంపుతుంది. ఆ ఆజ్ఞతోనే వృషణం లోపల టెస్టోస్టెరాన్, దానితో వీర్యకణాలు తయారవుతాయి. బయటినుంచి అదే హార్మోన్ ఎక్కిస్తే, సరిపడా ఉన్నదనుకొని పిట్యూటరీ ఆజ్ఞలు ఆపివేస్తుంది. వీర్యకణాల తయారీ నిలిచిపోతుంది. సంతానం కోరి వేయించుకున్న సూదే సంతానానికి అడ్డమవుతుంది. మానివేస్తే చాలామందిలో తిరిగి మొదలవుతుంది గాని నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. పిట్యూటరీ ఆజ్ఞలే పుట్టుకతో లేనివారు కొద్దిమంది ఉంటారు. వారికి హెచ్‌సీజీ, ఎఫ్‌ఎస్‌హెచ్ సూదులు నిజంగా మేలు చేస్తాయి. అందరికీ ఒకే సూది మందు కాదు.

కొందరిలో కారణం జన్యువులలో ఉంటుంది. ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండటం వల్ల కలిగే స్థితిని 1942లో క్లైన్‌ఫెల్టర్ అనే వైద్యుడు వర్ణించాడు. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీలో తంగరాజ్, లాల్జీ సింగ్ ప్రభృతులు వీర్యకణాలు లేని 340 మంది భారతీయ పురుషులను పరిశీలించి, 29 మందిలో వై క్రోమోజోమ్‌లోని కొంత భాగం లోపించినట్లు 2003లో ప్రకటించారు. వంద మందిలో ఎనిమిది తొమ్మిది మందన్న మాట. ఈ లోపం ఉన్నవారిలో కొందరికి ప్రయోగశాల సాయంతో సంతానం కలిగినా, కొడుకు పుడితే అదే వై క్రోమోజోమ్ అతనికి సంక్రమిస్తుంది. 2022లో హైదరాబాద్ పరిశోధకులే పురుష వంధ్యత్వానికి సంబంధించిన మరో ఎనిమిది జన్యువులను గుర్తించారు. సంతానలేమి కేసులలో దాదాపు సగంలో పురుషుని వైపు కూడా కారణం ఉంటుందని వైద్యులు చెబుతారు. అటువంటప్పుడు కోడలిని ఒక్కదానినే ఆసుపత్రుల చుట్టూ తిప్పడం ఏ న్యాయం?

వీర్య పరీక్ష విషయంలో సందేహించే సోదరులకు ఒక మాట. నమూనాను భార్య సహాయంతో ఇంటివద్దనే సేకరించి, శరీరపు వెచ్చదనం తగిలేలా ఉంచి, గంటలోగా ల్యాబుకు చేర్చవచ్చు. ల్యాబు దూరమైతే ముందుగా వారితో మాట్లాడి దగ్గరలో ఏర్పాటు చేసుకోవాలి. ఇక సహాయక చికిత్సల సంగతి. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, అవసరమైనప్పుడు తగిన జాగ్రత్తలతో భార్యాభర్తల బీజాలతోనే జరిగే పద్ధతులను అనుమతించింది. మూడవ వ్యక్తి బీజాన్ని నిషేధించింది.

హయా ఈమాన్‌లో భాగమని మనం పిల్లలకు నేర్పుతాం. అయితే హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీల శరీరానికి సంబంధించిన ప్రశ్నను దైవప్రవక్త (స) సన్నిధిలోనే అడిగారు. సత్యం విషయంలో అల్లాహ్ సంకోచించడని చెప్పి మరీ అడిగారు. హయా అశ్లీలం నుంచి కాపాడటానికి, అజ్ఞానాన్ని కాపాడటానికి కాదు. సంతానం ఇవ్వడం, ఇవ్వకపోవడం అల్లాహ్ నిర్ణయమని సూరె షూరా తెలుపుతున్నది. అది నమ్మినవాడు భార్యను నిందించడు. చికిత్సనూ విడిచిపెట్టడు.

నా విద్యార్థి సూదులు మానేశాడు. కడుపులోని వృషణం విషయం శస్త్రవైద్యుడు చూస్తున్నాడు. ఆరు నెలల తరువాత చేసిన పరీక్షలో కొద్దిపాటి కణాలు కనిపించాయి. సంతానం కలుగుతుందో లేదో అల్లాహ్‌కే తెలుసు. రెండో నికాహ్ మాట మాత్రం ఆ ఇంట్లో ఇప్పుడు వినబడటం లేదు. మొన్న అతని చెల్లెలికి కొడుకు పుట్టాడు. ఏడవ రోజు అఖీఖా. మాంసం పంచకముందే ఆ అమ్మీ మనవడిని ఎత్తుకొని వైద్యుని వద్దకు తీసుకుపోయి, “అన్నీ సరిగా ఉన్నాయా, చూడండి డాక్టర్ సాబ్” అని తానే అడిగిందట.

ఆ ప్రశ్న ముప్పై ఏళ్ల క్రితం అడిగి ఉండవలసింది. మీ ఇంట్లో పసివాడు ఉంటే మీరు ఈ రోజే అడగండి.