అద్దె ఆగిపోతే బీమా డబ్బులు ఇస్తుందా? ఇంటి ఓనర్లలో చాలామంది పట్టించుకోని 'లాస్ ఆఫ్ రెంట్' కవర్

కింద పోర్షన్‌లో ఓనర్ కుటుంబం. పైన రెండు పోర్షన్లు అద్దెకు. విజయవాడ, ఖమ్మం, హైదరాబాద్.. ఎక్కడ చూసినా కనిపించే సీనే ఇది. రిటైరైన వాళ్లకు ఆ అద్దే పింఛను. లోన్ తీసుకుని కట్టినవాళ్లకు ఆ అద్దే ఈఎంఐ.

మరి ఆ అద్దె ఒక్కసారిగా ఆగిపోతే?

2024 సెప్టెంబర్ మొదట్లో అదే జరిగింది. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. ఏపీ ప్రభుత్వం నీట మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు రూ.25 వేలు, ఫస్ట్ ఫ్లోర్, ఆపైన ఉన్నవాళ్లకు రూ.10 వేలు సాయం ప్రకటించింది. అది తక్షణ అవసరాలకు. గోడలు ఆరి, వైరింగ్ మార్చి, మళ్లీ అద్దెకు ఇచ్చేదాకా పోయిన నెలల అద్దె సంగతి మాత్రం ఓనరే చూసుకోవాలి.

ఈ నష్టానికి బీమా ఉంది. అదీ కొత్తగా వచ్చిందేమీ కాదు.

పాలసీలోనే ఉంది.. చూసేవాళ్లే తక్కువ

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' పేరుతో ఒక ప్రామాణిక ఇంటి పాలసీ తెచ్చింది. ఇంటి బీమా అమ్మే సాధారణ బీమా కంపెనీల దగ్గర ఇది దొరుకుతుంది. అగ్నిప్రమాదం, వరద, తుపాను, భూకంపం, పిడుగు, అల్లర్లు లాంటి వాటికి కవరేజీ ఉంటుంది. ఇందులో భాగంగానే 'లాస్ ఆఫ్ రెంట్' కూడా ఉంది. అంటే పాలసీలో చెప్పిన ప్రమాదం వల్ల బిల్డింగ్ దెబ్బతిని, ఉండటానికి పనికిరాకుండా పోతే, రిపేర్ అయ్యేదాకా పోయిన అద్దె ఇస్తారు. గరిష్ఠ కాలం మూడేళ్లు.

లెక్క సింపుల్. ఉదాహరణకు నెలకు రూ.15 వేల అద్దె. 12 నెలలకు రూ.1.80 లక్షల కవర్ రాయించుకున్నారు. వరద తర్వాత రిపేర్‌కు 5 నెలలు పట్టింది. అప్పుడు వచ్చేది రూ.75 వేలు. ఇంటి రిపేర్ ఖర్చు దీనికి వేరుగా లెక్కేస్తారు.

ఇక్కడో మెలిక ఉంది. ఇల్లు ఉండటానికి పనికిరాదని ఆర్కిటెక్ట్ గానీ, స్థానిక అధికారులు గానీ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. నీళ్లు దిగిపోయాయి, ఇల్లు బాగానే ఉంది, కానీ 'ఆ ఏరియా మునుగుతుంది' అని ఎవరూ అద్దెకు రావట్లేదు అంటే పైసా రాదు. బిల్డింగ్‌కు జరిగిన నష్టమే ఈ కవర్‌కు ఆధారం.

కిరాయిదారు ఎగ్గొడితే?

అసలు ఓనర్లు ఎక్కువగా భయపడేది దీనికే. నాలుగు నెలలు అద్దె ఇవ్వడు, ఖాళీ చేయమంటే చేయడు. ఈ నష్టానికి భారత్ గృహ రక్షలో కవరేజీ లేదు. ఇల్లు ఖాళీగా ఉండి టులెట్ బోర్డు వేలాడుతున్నా అంతే.

బయటి దేశాల్లో దీనికి వేరే పాలసీలున్నాయి. బ్రిటన్‌లో 'రెంట్ గ్యారంటీ ఇన్సూరెన్స్' కిరాయిదారు ఎగ్గొట్టిన అద్దెను కొన్ని నెలల పాటు ఇస్తుంది. చాలా పాలసీల్లో ఖాళీ చేయించే కోర్టు ఖర్చులూ కలిసుంటాయి. కాకపోతే ఇల్లు ఇచ్చే ముందే కిరాయిదారు జీతం, పాత ఓనర్ మాట, అప్పుల చరిత్ర చెక్ చేసి ఉండాలి. ఫ్రాన్స్‌లో ప్రైవేటు బీమాతో పాటు అర్హులైన కిరాయిదారులకు 'విజాల్' అనే ఉచిత గ్యారంటీ పథకం కూడా నడుస్తోంది. అమెరికాలో ఇళ్లు కొని అద్దెకిచ్చిన మనవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడి ల్యాండ్‌లార్డ్ పాలసీల్లో కనిపించే 'ఫెయిర్ రెంటల్ వాల్యూ' మన లాస్ ఆఫ్ రెంట్ లాంటిదే. ఇల్లు దెబ్బతింటేనే వర్తిస్తుంది, ఎగ్గొడితే కాదు.

మరి మన దగ్గర అలాంటి బీమా ఎందుకు విరివిగా లేదు? బీమా కంపెనీకి రిస్క్ లెక్క తేలాలి. ఇక్కడ చాలా ఇళ్లలో అద్దె చేతికే ఇస్తారు. 11 నెలల అగ్రిమెంట్ నోటరీతోనో, ఒక్కోసారి అదీ లేకుండానో అయిపోతుంది. కిరాయిదారు గతంలో సరిగ్గా కట్టాడా అనేదానికి రికార్డు ఉండదు. కోర్టుకెళ్తే ఎన్నాళ్లకు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్ ఉద్దేశం దీన్ని మార్చడమే. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలలకు మించకూడదు, గడువు దాటినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు అని అందులో ఉంది. అయితే ఇది నమూనా చట్టం మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

కాబట్టి ఎగవేతకు ఇప్పటికి ఓనర్ చేతిలో ఉన్న రక్షణ అడ్వాన్స్, అగ్రిమెంట్, కిరాయిదారు గురించి ముందే చేసుకునే వాకబు.

ఓనర్లు ఇప్పుడే చూసుకోవాల్సినవి

• హోమ్ లోన్ ఉంటే బ్యాంకు ఇచ్చిన బీమా కాగితం తీయండి. అది ఇంటి పాలసీనా, లేక మీ ప్రాణానికి చేసిన లోన్ ప్రొటెక్షనా? రెండోదైతే ఇల్లు మునిగినా ఉపయోగం లేదు.
• ఇంటి పాలసీ అయితే షెడ్యూల్‌లో లాస్ ఆఫ్ రెంట్ దగ్గర ఎంత మొత్తం, ఎన్ని నెలలు రాశారో చూడండి.
• బీమా మొత్తం కట్టుబడి ఖర్చు మీద వేస్తారు. స్థలం విలువ అందులోకి రాదు. అందుకే చాలామంది అనుకున్నంత ప్రీమియం ఉండదు.
• అద్దె యూపీఐలోనో, బ్యాంకులోనో తీసుకోండి. క్లెయిమ్ రోజు అదే మీ సాక్ష్యం.
• షాపులు, హాస్టల్‌కు ఇచ్చిన బిల్డింగ్ అయితే ఆ మాట ముందే చెప్పి, తగిన పాలసీ అడగండి. ఇది నివాస ఇళ్ల కోసం చేసిన పాలసీ.
• నష్టం జరిగితే శుభ్రం చేసే ముందే వీడియో తీయండి, వెంటనే కంపెనీకి చెప్పండి. క్లెయిమ్ తేల్చకపోతే ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' హెల్ప్‌లైన్ 155255.

అద్దెకు ఉండేవాళ్లకూ ఒక మాట. ఓనర్ పాలసీలో మీ టీవీ, ఫ్రిజ్, బీరువా ఉండవు. సామాన్ల వరకు మీరు విడిగా పాలసీ తీసుకోవచ్చు.

బుడమేరు వరదలో నీళ్లు కింద పోర్షన్‌కు వచ్చినప్పుడు ఓనర్, కిరాయిదారు ఇద్దరూ ఒకే మేడ మీద నిలబడ్డారు. నీళ్లు దిగాక కిరాయిదారు ఇంకో ఇల్లు వెతుక్కోవచ్చు. ఓనర్‌కు ఆ అవకాశం లేదు, ఈఎంఐ మాత్రం నెల తిరిగేసరికి వచ్చేస్తుంది. వానాకాలం రాకముందే ఆ పాలసీ కాగితం ఒకసారి తీసి చూడండి.