తేనెటీగల తీర్పు

పల్నాటి పల్లెలలో మఱ్ఱికొమ్మకు వ్రేలాడు తేనెటీగల గుంపును నడుపునది రాణియే యని పలువురు తలంతురు. ఆ పేరే వారిని భ్రమింపజేసినది. రాణి గ్రుడ్లు పెట్టును. ఉండవలసిన తావును నిర్ణయించునది ఆమె కాదు.

పెట్టెలలో పెంచు ఐరోపా జాతి ఈగల గుంపు పాత గూడు విడిచినప్పుడు, కొన్ని వందల వేగు ఈగలు చెట్టుతొఱ్ఱలను వెదుక బోవును. మంచి తొఱ్ఱను చూచి వచ్చినది చాలసేపు నాట్యమాడును. నాసి తొఱ్ఱను చూచినది కొద్దిసేపే ఆడి మానును. నాట్యము చూచిన ఈగ వెంటనే తానును ఆడదు. ముందుగా ఎగిరి పోయి ఆ తొఱ్ఱను స్వయముగా పరీక్షించి వచ్చును. మనుష్యుల సభలలో ఇట్టి అలవాటు అరుదు. ఒక తొఱ్ఱ కడ ఇరువది ముప్పది వేగు ఈగలు ఒకేసారి చేరినచో తీర్పు అయినట్లే. ఈగల ఈ గృహాన్వేషణమును జర్మనీ శాస్త్రజ్ఞుడు మార్టిన్ లిండావర్ 1955లో వివరించెను. తరువాత అమెరికాలో థామస్ సీలీ దశాబ్దముల తరబడి పరిశోధించెను.

యంత్రములు చేయువారు ఈ పద్ధతిని గ్రహించిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున రూపొందిన కిలోబాట్ మూడు సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పు గల చిన్న రోబో. సన్నని మూడు కాళ్లపై అదరుచు కదలును; కంటికి కానరాని కిరణములతో ప్రక్క రోబోలకు మాత్రమే కబురు చెప్పును. 2016లో ప్రకటితమైన ఒక ప్రయోగమున ఇట్టివి నూరు, రెండు తావులలో మేలైనది ఏదో నిర్ణయించినవి. ప్రతి రోబోయు తావును చూచి వచ్చి, దాని మేలునకు తగినంత సేపు చాటును. పిదప చుట్టు నున్న వానిలో ఎక్కువమంది చెప్పినదే అనుసరించినచో తీర్పు వేగముగా వచ్చినది, తప్పులు పెరిగినవి. ఎవరో ఒకరి మాట తీసికొన్నచో ఆలస్యమైనది, తీర్పు మేలైనది.

ఈ రెండింటిలో వేగమునే మెచ్చుకొనుట నేటి వాడుక. పల్నాటి మిరప రైతు మాత్రము అట్లు మెచ్చుకొనజాలడు. 2021లో నల్ల తామరపురుగు మిరపచేలను పాడుచేసినప్పుడు, తన చేని పూవును విప్పి చూడక పొరుగువాడు చల్లిన మందునే చల్లినవారు లేకపోలేదు. రేపు రోబోల గుంపు చేలలో తిరిగి తెగులును కనిపెట్టగలదని పరిశోధకులు ఆశించుచున్నారు. అట్టి గుంపునకు ప్రతి మొక్క కడకు పోవు ఓపికను ముందుగా నేర్పవలెను. ఏలయన, తామరపురుగు పట్టిన మిరపాకు పైకి ముడుచుకొనును, నల్లి పట్టినది క్రిందికి ముడుచుకొనును; రెండింటికి మందులు వేఱు. గట్టుమీద నిలిచి చూచువానికి రెండును ఒకే ముడుతగా కనబడును.