మెదడులో చెత్తబండి ఆగితే...

అత్తగారు అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంటుంది. పది నిమిషాలైనా కాకముందే 'ఏమ్మా, ఇంకా అన్నం పెట్టవేం?' అంటుంది. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియదు. చాలా ఇళ్లలో దీన్ని ముసలితనం ఖాతాలో వేసేస్తారు. మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. అల్జీమర్సే అయితే మాత్రం దాని వెనక పెద్ద చెత్త కథే ఉంది!

1906లో జర్మన్ డాక్టర్ అలాయిస్ అల్జీమర్ చనిపోయిన ఓ రోగి మెదడును మైక్రోస్కోపులో చూశాడు. కణాల బయట గడ్డలు, లోపల చిక్కుపడ్డ దారాలు కనిపించాయి. గడ్డల్లో ఉన్నది అమైలాయిడ్ బీటా, దారాల్లో ఉన్నది టావ్ అనే ప్రొటీన్లని 1980ల్లో గానీ తేలలేదు.

నిజానికి ఈ రెండూ మనందరి మెదడులోనూ తయారవుతాయి. అయినా అందరికీ జబ్బు రాదు. ఎందుకంటే ప్రతి కణానికీ సొంత పారిశుద్ధ్య ఏర్పాటు ఉంది. పాడైన ప్రొటీన్ ఒక్కటే అయితే దానికి యుబిక్విటిన్ అనే చీటీ అంటించి, ప్రోటియాజోమ్ అనే గ్రైండర్‌లో వేస్తుంది. ముద్దలు కట్టిన చెత్తయితే వేరే దారి. దాని చుట్టూ సంచీ అల్లి, లైసోజోమ్ దగ్గరికి మోసుకెళ్తుంది. అక్కడ ఆమ్లం, ఎంజైములు కలిసి దాన్ని కరిగిస్తాయి. మిగిలిన సరుకును, పాత బంగారంతో కొత్త నగ చేయించుకున్నట్టు, కణం మళ్లీ వాడుకుంటుంది. దీని పేరు ఆటోఫజీ. ఈస్ట్‌ను పస్తులుంచి ఈ పని గుట్టు విప్పిన జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ ఇచ్చారు.

చర్మకణాలు విడిపోతూ చెత్తను పంచుకుంటాయి. మెదడులోని నాడీకణాలకు ఆ వీలు లేదు. ఎనభై ఏళ్లొచ్చినా దాదాపు అవే కణాలు. అద్దె ఇళ్లు మారేవాళ్లు పాత సామాను వదిలించుకుంటారు, సొంతింట్లో ఉన్నవాళ్ల అటక సంగతి మీకు తెలుసుగా!

మరి తేడా ఎక్కడొస్తోంది? అమెరికాలో రాల్ఫ్ నిక్సన్ బృందం 2005లో అల్జీమర్స్ రోగుల మెదడును చూస్తే సంచులు కుప్పలుగా పడున్నాయి. చెత్త ఎత్తుతున్నారు, కరిగించడం లేదు. 2022లో అదే బృందం ఎలుకల్లో ఇంకో సంగతి పట్టుకుంది. బయట గడ్డలు రాకముందే లైసోజోముల్లో ఆమ్లం తగ్గిపోతోంది. సంచులతో ఉబ్బిన కణం పూరేకుల్లా విచ్చుకుని చచ్చిపోతోంది. గడ్డల్లో చాలావాటికి మూలం అదేనట.

అమెరికాలో 2023లో లెకానెమాబ్, 2024లో డొనానెమాబ్ మందులకు అనుమతి వచ్చింది. ఇవి అమైలాయిడ్‌ను తొలగిస్తాయి. తొలిదశ రోగుల్లో జబ్బు వేగం కొంత తగ్గింది, పోయిన జ్ఞాపకాలు రాలేదు. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం కూడా వచ్చాయి. లైసోజోముల్లో ఆమ్లం పెంచే ప్రయత్నాలు ఎలుకల దశ దాటి మందుగా మారలేదు.

నోబెల్ పుణ్యమా అని 'ఉపవాసముంటే మెదడు శుభ్రం' అన్న సలహాలు మాత్రం ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. మనుషుల్లో అల్జీమర్స్ అలా తగ్గుతుందని రుజువు కాలేదు. కరిగించే చోటే లోపమైతే, సంచులు పెంచి ఏం లాభం? పెద్దావిడ అన్నం మాత్రం మాన్పించకండి. ముందు డాక్టరుకు చూపించి బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. వాటి లోపం వల్ల వచ్చే మతిమరుపునకు మందులున్నాయి.